ఈ డైరీలో ఎవరి పేర్లూ లేవు

సంక్రాంతికి వచ్చినప్పుడు మా మేనకోడలు నాకో డైరీ ఇచ్చి వెళ్లింది. గట్టి అట్ట, మంచి కాగితం. ప్రతి పేజీలో పైన తేదీ, కింద మూడు గీతలు. ఆ రోజు మనకు దక్కిన మూడు మంచి విషయాలు ఆ గీతల మీద రాసుకోవాలి. బెంగళూరులో వాళ్ల ఆఫీసులో అందరికీ పంచారట. తను ఏడాదికి పైగా రాస్తోందట, నిద్ర బాగా పడుతోందట, టెన్షన్ తగ్గిందట. "అత్తా, నువ్వు ప్రతిదానికీ విసుక్కుంటావు. నీకిది చాలా అవసరం" అని మరీ ఇచ్చింది. కాదనడానికి లేదు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల సెక్షన్‌లో ఇన్నేళ్లు కూర్చున్న మనిషికి విసుగు రాకపోతేనే ఆశ్చర్యం.

రాశాను. శివరాత్రి దాకా రాసి, ఒక ఆదివారం మొదటి పేజీ నుంచి చదువుకున్నాను. చలి తగ్గింది. కరెంటు పోలేదు. మోకాలి నొప్పి లేదు. ఆడిట్ గడిచిపోయింది. రైలు టైముకి వచ్చింది. పెసరట్టు బాగా కుదిరింది. అన్నీ నిజమే. కానీ ఒక్క పేజీలోనూ మనిషన్నవాడు లేడు. అన్నీ వాటంతటవే జరిగిపోయినట్టున్నాయి ఆ వాక్యాలు. నీ డైరీ ఎలా ఉందే అని మేనకోడలికి ఫోన్ చేసి అడిగితే కాసేపు పేజీలు తిప్పి, "నాదీ అంతే అత్తా. ఫిల్టర్ కాఫీ మాత్రం చాలాసార్లు ఉంది" అని నవ్వింది.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ఇప్పుడు మనం కృతజ్ఞత అంటున్నదాంట్లో చాలా భాగం, రోజు బాగానే గడిచిందన్న తృప్తి. తృప్తి మంచిదే, నేనేమీ అనను. కృతజ్ఞతకి మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఏం చేశాడో మనకు తెలిసుండాలి. తెలిసిందన్న సంగతి అతనికి చేరాలి. నా సొరుగులో ఉండిపోయిన మంచిమాట నాకు మందుగా పనిచేస్తుందేమో, ఎవరి గురించి రాశానో వాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇదీ నా వాదన. దీనికి అడ్డొచ్చేవి చాలా ఉన్నాయి. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు.

పరిశోధనలు పూర్తిగా నా పక్షాన లేవు

ఈ డైరీల వెనక ఉన్న శాస్త్రం నేననుకున్నంత గాలి కబురేమీ కాదు. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లా అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులను మూడు జట్లు చేసి చూశారు. ఒక జట్టు ఆ వారం తమకు దక్కిన మంచిని, అయిదు విషయాల దాకా, రాయాలి. రెండో జట్టు చికాకులు రాయాలి. మూడోది ఊరికే జరిగిన సంగతులు రాయాలి. పది వారాల తర్వాత మొదటి జట్టు వాళ్లు బతుకు మీద కాస్త ఎక్కువ సంతృప్తితో ఉన్నారు, ఒంటి బాధలు తక్కువ చెప్పుకున్నారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లతో ఇంకో విడత చేస్తే అక్కడా మనసు కుదుటపడింది. ఆ తర్వాత సోన్యా ల్యూబోమిర్‌స్కీ, ఆమె తోటివాళ్లు చేసిన ప్రయోగంలో వారానికి ఒకసారి రాసినవాళ్లకు లాభం కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. రోజుకు మూడు గీతలు నింపమనే డైరీ కంపెనీలకు ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేరు.

2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ఇంకో పద్ధతి పరీక్షించింది. మీకు మేలు చేసి, మీరెప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోని మనిషి ఒకరిని గుర్తు తెచ్చుకోండి, ఉత్తరం రాయండి, స్వయంగా వెళ్లి అందించండి, ఇదంతా వారంలో చేయండి అన్నారు. వాళ్లు ప్రయత్నించిన అన్ని పద్ధతుల్లోనూ అప్పటికప్పుడు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. చదవగానే, చూశావా అనుకున్నాను. ఇంకో పేరా కిందికి పోతే నా ఉత్సాహం తగ్గింది. ఆ సంతోషం నెల రోజుల దాకా ఉంది, మూడు నెలలకి మామూలైపోయింది. రాత్రి పడుకునే ముందు మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాసుకున్నవాళ్లకు మాత్రం ఆర్నెల్ల తర్వాత కూడా ఫలితం కనిపించింది. అంటే డైరీయే గెలిచింది.

దీన్ని దాటేసి ముందుకు వెళ్లలేను. అయితే ఈ కొలతలన్నీ రాసినవాళ్ల సంతోషానివి. ఎదురుగా కూర్చుని ఆ ఉత్తరం విన్న మాస్టారికో మేనత్తకో ఏమైందో ఆ లెక్కలో లేదు. వాళ్లను అడిగినవాళ్లు తర్వాత వచ్చారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు 2018లో ఆ పని చేశారు. ఉత్తరం రాసేవాళ్లను ముందు అంచనా వేయమన్నారు: చదివి అవతలివాళ్లు ఆశ్చర్యపోతారా, ఇబ్బంది పడతారా, ఎంత సంతోషిస్తారు? తర్వాత అందుకున్నవాళ్లనే అడిగారు. రాసినవాళ్లు ఇబ్బందిని ఎక్కువగా, సంతోషాన్ని తక్కువగా ఊహించుకున్నారని తేలింది. ఇంకో తమాషా ఏమిటంటే, రాసేవాళ్లంతా మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని బెంగపడ్డారు, అందుకున్నవాళ్లు చూసింది అందులో ఉన్న ఆప్యాయతని. ఇన్నాళ్లూ నేను చెప్పాల్సిన చాలా మాటలు "ఏమనుకుంటారో" దగ్గరే ఆగిపోయాయి. అది నా ఒక్కదాని సంగతి కాదని తెలిశాక కొంత ఊరట.

ప్రతి ముద్దకీ రసీదు

ఇక్కడ మనవాళ్లు అడ్డం తిరుగుతారు. ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్ ఏమిటి, పరాయివాళ్లమా అంటారు. మా చెల్లెలి అల్లుడు పుట్టి పెరిగింది డాలస్‌లో. పెళ్లయ్యాక మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తే మా అమ్మ దగ్గరుండి వడ్డించింది. పప్పు వేస్తే థ్యాంక్యూ, వంకాయ కూర వేస్తే థ్యాంక్యూ, నెయ్యి వేస్తే థ్యాంక్యూ అమ్మమ్మగారూ. కాసేపు చూసి అమ్మ వంటింట్లోకి వచ్చి, "ఏమిటే, ఈ అబ్బాయి ప్రతి ముద్దకీ రసీదు రాసిస్తున్నాడు!" అంది. ఆవిడకి కోపం రాలేదు, కంగారు వచ్చింది. లెక్క ఎప్పటికప్పుడు సరిచేసుకుంటున్నాడంటే రేపు మనకి ఏమీ బాకీ ఉండడన్నమాట, అని ఆవిడ బాధ.

ఇది మన ఒక్కళ్ల విడ్డూరం కాదు. అయిదు ఖండాల్లో, ఎనిమిది భాషల వాళ్ల ఇళ్లలో మామూలు కబుర్లు రికార్డు చేసి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. ఉప్పు అందించు, ఆ కుర్చీ జరుపు లాంటి చిన్న సాయాలు అడగడం, చేయడం నిత్యం జరుగుతున్నాయి. చేసినవాళ్లకి కృతజ్ఞత చెప్పడం ఇరవైకి ఒకసారి, అటూఇటూగా. ఇంగ్లీషు, ఇటాలియన్ మాట్లాడేవాళ్లు కాస్త ఎక్కువ, అదీ ఏడింటికి ఒకసారి. మన దేశపు భాష ఏదీ అందులో లేదు గాని, ఉంటే మా అమ్మ కంగారు అక్కడా కనిపించేదే.

కాబట్టి నేను చేరాలి అన్నది నోటితో థ్యాంక్స్ చెప్పడం గురించి మాత్రమే కాదు. మా నాన్న జన్మలో ఎవరికీ ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఆయన ఇల్లు కట్టుకోవడానికి లోను తీసుకున్నప్పుడు ఆఫీసులో తోటి గుమస్తా ఒకాయన జామీను సంతకం పెట్టారు. మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఏటా మే నెలలో మా దొడ్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు మొదటి కోత కోయగానే ఒక బుట్ట వాళ్లింటికి వెళ్లేది. లోను తీరిపోయాక కూడా వెళ్లింది. ఆయన పోయాక కూడా వెళ్లింది. ఒక ఏడు ఆయన కొడుకు మా ఇంటికి వచ్చి, మొహమాటపడుతూనే, "బాబాయిగారూ, మీరెందుకు పంపుతున్నారో మాకు తెలీడం లేదండీ" అన్నాడు. నాన్న ఆ సంతకం సంగతి చెప్పారు. ఎంత లోను, ఏ సంవత్సరం, ఇంకెవరెవరు కుదరదన్నారు, అన్నీ చెప్పారు. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న ఎవరికీ ఏ పనికీ రాడని అమ్మ రోజూ తిట్టేది" అన్నాడు.

ఆ కొడుకు తన తండ్రి గురించి కొత్త సంగతి ఒకటి తెలుసుకుని వెళ్లాడు. అది మా నాన్న దగ్గర తప్ప ఇంకెక్కడా లేని సమాచారం. ఒకవేళ నాన్న డైరీ రాసే మనిషై, 'ఫలానా ఆయన సంతకం పెట్టారు, దేవుడి దయ' అని రాసుకుని ఉంటే ఆ అబ్బాయికి ఏం తెలిసేది? మంచి చేసిన మనుషులకి తాము చేసిన దాని ఫలితం చాలాసార్లు కనపడదు. వాళ్ల ఇంట్లోవాళ్లకి అసలే కనపడదు. అది తెలిసినవాళ్లం మనమే. చెప్పకపోతే అది మనతోనే పోతుంది.

చిన్నప్పుడు బడిలో అందరం వల్లె వేసిన సుమతీ పద్యం ఒకటుంది. ఉపకారికి ఉపకారం చేయడం పెద్ద వింతేమీ కాదట, అపకారికి ఉపకారం చేసేవాడే నేర్పరి అట. శతకకారుడు మొదటి సగాన్ని అంత తేలిగ్గా దాటేసి రెండో సగానికి ఎలా వెళ్లిపోయాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ మొదటి సగమే సరిగ్గా చేసిన మనుషుల్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

చప్పట్లు, జీతాలు

ఇంతవరకూ చెప్పింది ఒక రకం మనుషుల మధ్య, అంటే ఇద్దరూ దాదాపు సమానంగా ఉన్నచోట. అలా లేనిచోట కృతజ్ఞత చాలా తొందరగా చెడిపోతుంది.

2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి మా వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. డాక్టర్లకి, నర్సులకి, పారిశుద్ధ్య కార్మికులకి. నేనూ కొట్టాను, కళ్లు చెమర్చాయి కూడా. ఆ వారం తిరక్కుండానే దేశంలో చాలాచోట్ల అద్దె ఇళ్లలో ఉన్న డాక్టర్లని, నర్సుల్ని ఖాళీ చేయమంటున్నారని వార్తలు వచ్చాయి. ఢిల్లీ ప్రభుత్వమైతే అలాంటి ఇంటి ఓనర్ల మీద చర్య తీసుకోమని ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టిన చేతులు, ఖాళీ చేయమన్న నోళ్లు వేరువేరు మనుషులవే అయ్యుండొచ్చు. అన్నీ వేరువేరు అయ్యుంటాయని మాత్రం నేను నమ్మను.

ఆ ఏడే మా వీధిలో చెత్త తీసుకెళ్లే ఇద్దరికి శాలువాలు కప్పి ఫొటోలు తీసుకున్నారు. 2023 డిసెంబరు ఆఖర్లో రాష్ట్రంలో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. పర్మనెంటు చేయాలని, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని వాళ్ల డిమాండ్లు. పండగ ముందు చెత్త పేరుకుపోయింది. అదే వీధిలో, శాలువా పట్టుకున్న పెద్దమనిషే, "వీళ్లకి కృతజ్ఞత లేదండీ, మనమెంత చేశాం!" అన్నారు. ఏం చేశామని అడిగితే శాలువా అన్నారు. నిజంగానే అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు, ఇవ్వాల్సింది ఇవ్వకుండా చెప్పే కృతజ్ఞత ఎంత చవకైన బేరమో. పైగా అది ఎదురు బాకీని కూడా సృష్టిస్తుంది. పాతకాలం పల్లెల్లో కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి ధాన్యం కొలిచేవారు, మేర అని. ఏడాదంతా చేసిన పనికి అది కూలి. కానీ ఇచ్చే తీరు దానంలా ఉండేది, పుచ్చుకునేవాడు తుండుగుడ్డ పట్టుకుని వంగి నిలబడాలి. కూలి అడిగే హక్కున్న మనిషిని దయ పుచ్చుకునే మనిషిగా మార్చింది ఆ ఏర్పాటు. మనం పనిమనిషికి పండక్కి చీర పెట్టి, నాలుగేళ్లుగా జీతం పెంచకుండా ఉన్నప్పుడు చేస్తున్నదీ అదే. చీర ఎన్నిసార్లో చెప్పుకుంటాం, జీతం మాట ఎత్తం.

ఇంక రాజకీయాల సంగతి. పథకం డబ్బు ఖాతాలో పడగానే నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేయించడం రెండు రాష్ట్రాల్లోనూ, అన్ని పార్టీల్లోనూ మామూలైపోయింది. మన పన్నుల డబ్బు మనలో అవసరం ఉన్నవాళ్లకి చేరితే పాలు పోయాల్సింది ఎవరికి? ఫారం నింపి పెట్టిన మనిషికో, బ్యాంకులో ఆధార్ లింకు పనిచేయకపోతే ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నించిన గుమస్తాకో ఒక మాట చెబితే అర్థం ఉంది. కృతజ్ఞత చూపించమని పైనుంచి అడిగారంటే అక్కడ ఇంకేదో జరుగుతోందని నేను అనుమానిస్తాను.

కాటన్ దొరకు తర్పణం

చేరాలి చేరాలి అంటున్నావు, చనిపోయినవాళ్ల సంగతేమిటి అని నన్ను ఇట్టే పడగొట్టొచ్చు. రాజమండ్రిలో ఉంటూ ఆ ప్రశ్న తప్పించుకోలేను. ధవళేశ్వరం పక్కనే. అక్కడ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ 1899లో ఇంగ్లండులో పోయాడు. ఇప్పటికీ గోదావరిలో స్నానం చేస్తూ "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం" అని శ్లోకం చదివేవాళ్లున్నారు. పుష్కరాల్లో తాతముత్తాతలతో పాటు ఆయనకీ తర్పణం వదిలేవాళ్లున్నారు. డెల్టాలో ఏ ఊరి సెంటర్‌కి వెళ్లినా విగ్రహం కనిపిస్తుంది. సొంత దేశం కాదు, మతం కాదు, పైగా మనల్ని ఏలినవాళ్ల ఉద్యోగి. అలాంటి మనిషిని పితృదేవతల వరసలో కూర్చోబెట్టారు మా ప్రాంతం వాళ్లు.

కంపెనీ వాళ్లు ఆ ఆనకట్ట కట్టించింది మన మీద ప్రేమతోనా, శిస్తు పెరుగుతుందనే కదా అనేవాళ్లు ఉన్నారు. నిజమే. కాటన్ కూడా పైవాళ్లని ఒప్పించడానికి ఆ లాభం లెక్కలే చూపించాడు. అయినా నాకు అది అభ్యంతరంగా తోచదు. మేలు చేసినవాడి మనసు కడిగిన ముత్యంలా ఉంటేనే కృతజ్ఞత చూపిస్తామంటే ఎవరికీ చూపించనక్కర్లేదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఆ నదిలో రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు ఎక్కడా లేవు. కాటన్‌కి చేదోడుగా పనిచేసిన వీణెం వీరన్న పేరు మా ఊళ్లోనే చాలామంది వినలేదు. కృతజ్ఞతకి కూడా పెద్దవాళ్ల వైపే చూసే అలవాటుంది.

ఒకసారి మా ఆఫీసుకి క్లెయిము కోసం కాలువ చివరి ఊరి రైతు ఒకాయన వచ్చారు. శివారు ఆయకట్టు, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని చోటు. గోడ మీద క్యాలెండరులో కాటన్ బొమ్మ చూసి, "ఆయన గొప్పోడేనండి. ఆయన నీళ్లే మా దాకా రాలేదు" అన్నారు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉన్నమాట. ఆయన్ని తర్పణం వదలమని అడిగే హక్కు పైనున్న ఆయకట్టు వాళ్లకి ఉందా? లేదనే అనుకుంటాను.

చచ్చిపోయినవాళ్లకి వినపడదు కాబట్టి ఈ తర్పణాలు దండగ అని మాత్రం అనను. ఆ శ్లోకం విన్న పిల్లాడు ఎవరు తాతా ఈ కాటన్ అని అడుగుతాడు, ఎవరో ఒకరు చెబుతారు. నా వాదన ఇక్కడ కొంచెం సాగదీయాల్సి వస్తోందని తెలుసు.

సూది గుచ్చే అబ్బాయి

ఇవన్నీ చెప్పుకుంటూ పోతే రోజువారీ బతుకులో దీన్ని ఎలా చేయాలో తేలదు. చేసే మనిషి ఒకరు నాకు తెలుసు, మా పిన్ని.

ఆవిడకి కొన్నేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా, అంటే సూదులు పెట్టడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ప్రతిసారీ రెండు లావు సూదులు. తాగే నీళ్లు కొలుచుకోవాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టకూడదు, అదీ కోనసీమలో పుట్టిన మనిషి. ఒక్కోరోజు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. చూడ్డానికి వచ్చిన చుట్టం ఒకావిడ, "ఉన్నదాన్ని తలుచుకుని సంతోషంగా ఉండాలి వదినా, పాజిటివ్‌గా ఆలోచించు" అంది. పిన్ని వెంటనే, "రేపు నా బదులు నువ్వెళ్లి పడుకో, పడుకుని తలుచుకో" అంది. బాధలో ఉన్నవాళ్లని కృతజ్ఞతగా ఉండమని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. ఆ చుట్టం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అదే పిన్ని, సెంటర్‌లో సూదులు పెట్టే టెక్నీషియన్ అబ్బాయితో మాట్లాడే తీరు వినాలి. "నిన్న ఆ కొత్తబ్బాయి గుచ్చితే చెయ్యి వాచిందిరా. నువ్వు గుచ్చేముందు వేలితో నెమ్మదిగా తడిమి, ఒక్క క్షణం ఆగుతావు చూడు, అదీ తేడా" అంటుంది. 'నువ్వు దేవుడివి' లాంటి మాటలు ఎప్పుడూ అనదు. ఏం చేశాడో అది చెబుతుంది. బయట ఒకరోజు టీ తాగుతూ ఆ అబ్బాయి నాతో, "అమ్మగారు చెప్పేదాకా నేనలా ఆగుతానని నాకే తెలీదు మేడం. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకి అదే నేర్పిస్తున్నా" అన్నాడు. పొగిడితే ఎవరైనా పొంగిపోతారు. ఆ అబ్బాయికి అంతకంటే ఎక్కువే దొరికింది, తన పనిలో ఏది మంచిదో తెలిసింది. ఇంకో మంచం మీద పడుకున్న ముక్కూమొహం తెలియని రోగికి కూడా ఆ ఫలితం అందుతోంది.

పిన్ని మెతక మనిషి అనుకోకండి. వేసవిలో ఏసీ పాడై రోజుల తరబడి బాగుచేయకపోతే కాగితం మీద ఫిర్యాదు రాసి, మిగతా పేషెంట్ల చేత సంతకాలు పెట్టించింది. టెక్నీషియన్లకి జీతాలు ఆలస్యమవుతున్నాయని తెలిసినప్పుడు, తనిఖీకి వచ్చిన ఆఫీసరుతో మంచం మీద నుంచే ఆ మాట అడిగేసింది. ఆ అబ్బాయి మీద ఆవిడకి ఉన్న కృతజ్ఞత జీతం దగ్గరికి కూడా వెళ్లింది. నేను పైన చప్పట్ల గురించి అన్నదంతా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు.

ఆవిణ్ణి చూశాక నేను డైరీ మానలేదు గాని, పద్ధతి మార్చాను. వారానికి ఒకసారి రాస్తున్నాను. ప్రతి మాట పక్కన ఒక మనిషి పేరు, ఆ మనిషి ఏం చేశాడో, చెప్పానా లేదా అనే గుర్తు. పేరు తెలియకపోతే కనుక్కోవడం మొదటి పని. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయినప్పుడు అర్ధరాత్రి వానలో వచ్చిన లైన్‌మన్ పేరు అలాగే తెలిసింది. మేనకోడలికి ఇది నచ్చలేదు. "నువ్వు డైరీని కూడా క్లెయిముల రిజిస్టరు చేశావు అత్తా" అంది. తన మాటలోనూ నిజముంది. ఒంటరిగా ఉండే ఆ పిల్లకి రాత్రిపూట కాఫీ తలుచుకుని నిద్రపోవడమే కావాలేమో, దాన్ని నేను తీసేయాలని లేదు.

ఒకే కవర్లో పెట్టకూడనివి

నాకింకా తేలని చిక్కు ఒకటుంది. మేలు చేసిన మనిషే కీడు కూడా చేస్తే?

మా బాబాయి నన్ను బీకాం చదివించారు. నాన్న చేతిలో డబ్బులేని రోజుల్లో, ఎవరూ అడక్కుండా ఫీజు కట్టారు. తర్వాత నాకు నాగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం వస్తే, ఆడపిల్ల అంత దూరం ఒంటరిగా ఏమిటని పట్టుబట్టి ఆపించిందీ ఆయనే. చదివించినవాడిగా ఆ మాట అనే హక్కు తనకు ఉందనుకున్నారు. ఇంట్లో అందరూ అదే అనుకున్నారు. నేను నోరెత్తకపోవడానికి సగం కారణం ఆ ఫీజే. కృతజ్ఞత మనిషి కాళ్లకి ఎలా అడ్డం పడుతుందో నాకు పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు.

అయినా ఈమధ్య ఆయనకి ఉత్తరం రాశాను. ఫీజు సంగతి మాత్రమే రాశాను. ఆ చదువుతో ఏం చేశానో, నా జీతంలో తమ్ముడి చదువు ఎలా గడిచిందో వివరంగా రాశాను. మా చెల్లెలికి చూపిస్తే మండిపడింది. "నాగపూర్ ఏది? అది లేకుండా ఇది సగం అబద్ధం కదక్కా" అంది.

నేను చాలాసేపు ఆలోచించాను. రెండూ ఒకే ఉత్తరంలో పెడితే, ఫిర్యాదు చేయబోతూ ముందు మర్యాదకి నాలుగు మంచిమాటలు అన్నానని ఆయన అనుకుంటారు. లేదా ఫీజు కట్టారు కాబట్టి నాగపూర్ చెల్లు అని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయన కట్టిన ఫీజు నిజం, ఆపిన ఉద్యోగం నిజం, ఒకదానితో ఇంకోటి తీరదు. అందుకే వేరువేరు కవర్లు. చెల్లెలు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఉత్తరం అందాక బాబాయి ఫోన్ చేశారు. ఎనభై దాటాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. "ఫీజు పద్దెనిమిది వందలని రాశావు. తప్పు. హాస్టలు డబ్బులు మర్చిపోయావు. మొత్తం రెండు వేల నూట యాభై" అన్నారు. తర్వాత పావుగంట సేపు ఆ డబ్బు ఎవరెవరి దగ్గర ఎలా సర్దుకొచ్చారో చెప్పారు. ఆయన భార్య గాజులు తాకట్టు పెట్టిన సంగతి నాకు అప్పుడే తెలిసింది, ఆ పిన్నికి ఇంకో ఉత్తరం రాయాలి. నాగపూర్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది రెండో కవర్లో వెళుతుంది, సగం రాశాను.